స్టేజీ దగ్గర తీసేసిన హెల్మెట్

శిరీష నాయినా,

బాగున్నావా? నువ్వు పోయి ఏడాది దాటింది. మళ్లీ యాసంగి కోతలు మొదలయ్యాయి. ఊరంతా వడ్ల దుమ్మే. ఒళ్లంతా దురద, కంట్లో నలుసులు, ఎటు చూసినా కోత మిషన్ల మోత... నీకు తెలియనిదేముంది.

ఏడాది నాడు నీకు పెట్టుకున్నాం. నీకిష్టమని తలకాయ కూర వండాను. ఉప్పు ఎక్కువైంది. నువ్వుంటే గమ్మున తినేసి, మూడో రోజు తీరిగ్గా చెప్పేవాడివి, “మొన్నటి కూరల ఉప్పు జర గట్టిగనే పడ్డదే” అని. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. పోయినవాళ్లకు పెట్టిన కూరకు వంక పెట్టకూడదట. ఎవరైనా అంటే బాగుండునని నాకనిపించింది.

నీ ఫొటో గురించి కూడా చెప్పాలి. ఇల్లంతా వెతికితే నీ ఒక్కడిదీ సరైన ఫొటో దొరకలేదు. పెళ్లి ఫొటోలో కళ్లు మూసుకున్నావు. బడి వాళ్లు తీసిన దాంట్లో పిల్లల వెనక నీ జుట్టు తప్ప ఏమీ కనపడదు. చివరికి మా తమ్ముడు నీ లైసెన్సు మీది ఫొటో పెద్దది చేయించి తెచ్చాడు. అందులో నువ్వు నా మీద కోపంగా ఉన్నావు. ఊళ్లో ఎవరెదురైనా ఇంత నవ్వు నవ్వేవాడివి కదా... నాకేమో ఈ మూతి ముడుచుకున్న ముఖం మిగిలింది. పొద్దున లేస్తే అదే. దీపం పెడితే అదే.

సరే, ఒకటి చెబుతా, నవ్వకు. నేను బండి నేర్చుకున్నాను.

అవును, నేనే. మా తమ్ముడు తన పాత స్కూటీ ఇచ్చాడు. నేర్పింది నీ బిడ్డ శిరీషే. బడి వెనక గ్రౌండులో వారం రోజులు నన్ను తిప్పింది. బ్రేకు వేయమంటే నేను కాళ్లు కింద పెట్టేదాన్ని, ఆపమంటే కళ్లు మూసుకునేదాన్ని. మేకలు కాసే ముసలాయన మేకల్ని వదిలేసి నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి నువ్వు నేర్పిస్తానని, మళ్లీ నువ్వే మాట మార్చావు, గుర్తుందా? “నువ్వు గూడ నడుపుడు నేర్సుకుంటే ఇగ నాకేం పనే? నా ఎనుక ఎవలు కూసుంటరు?” అన్నావు. నేను నమ్మి మానేశాను.

నీ వెనక కూర్చోవడం నాకూ ఇష్టమే కదా మరి.

నువ్వు పోయిన తర్వాత బడి వాళ్లు నన్ను ఆయాగా పెట్టుకున్నారు. మొదట వేరే బస్సు. దసరా సెలవులయ్యాక నీ బస్సులోకే మార్చారు. కొత్త డ్రైవర్ పిల్లగాడు మంచివాడే, కానీ పాటలు పెద్దగా పెడతాడు, మలుపుల దగ్గర తొందర పడతాడు. నేను వెనక నుంచి ఇనుప కడ్డీ మీద స్కూటీ తాళంచెవితో టకటక కొడతాను. తగ్గిస్తాడు. నీ సీటు మీద నువ్వు వేసుకున్న ఎర్ర గళ్ల తువ్వాల ఇంకా అక్కడే ఉంది. ఉతకమని అడిగాడు. ఉతుకుతానని చెప్పి తప్పించుకుంటున్నాను.

మొదటి రోజు ఏమైందో తెలుసా? ఒక చిన్న పిల్ల మెట్టు మీద నిలబడి దిగనే దిగదు. వాళ్లమ్మ కింద చేతులు చాపి నిలబడింది. ఏమే, దిగవేం అంటే నా ముఖంలోకి చూస్తూ, “డ్రైవర్ తాత పైలం అంటుండె గద, నువ్వు అనవా?” అంది.

జాగ్రత్తని ప్రతి పిల్లకూ చెప్పేవాడివట కదా. పిల్ల దిగి, రోడ్డు దాటి, ఇంటి గేటు పట్టుకునేదాకా బస్సు కదిలించేవాడివి కాదట. వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టి తిట్టేవాళ్లట. ఎడ్లబండి డ్రైవరని నీకు పేరట. ఇవేవీ నాకు చెప్పలేదు నువ్వు. తాత అన్నందుకు సిగ్గుపడి చెప్పలేదా?

ఇప్పుడు నేనంటున్నాను. పైలం బిడ్డా, పైలం. రోజుకు ఎందరు పిల్లలో అన్నిసార్లు. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే గొంతు నాదే అయినా మాట నీదే అనిపిస్తుంది.

మరి నీ సంగతి ఏంటయ్యా?

ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. చిట్యాలలో బడి దగ్గర బస్సు పెట్టి నీ బండెక్కేవాడివి. హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, హైవే మీద లారీల పక్కన పద్ధతిగా వచ్చేవాడివి. అంతవరకు నిన్ను అనడానికి లేదు. మన ఊరి బస్సు స్టేజీ రాగానే హోటల్ ముందు ఆగి, హెల్మెట్ తీసి, హ్యాండిలుకు తగిలించేవాడివి. అక్కడి నుంచి బోడి నెత్తి. ఎన్నిసార్లు పోట్లాడాను? నీ జవాబు ఎప్పుడూ ఒకటే.

“మనూరి తొవ్వనే గదనే. కండ్లు మూసుకొని రావొచ్చు.”

ఇంకా గట్టిగా అడిగితే అసలు సంగతి బయటికొచ్చేది. “మొఖం దాసుకొని ఊళ్లెకు పోతే ఏమనుకుంటరే? బస్సు నౌకరి దొరికిందని పెద్దోడైండు, పలకరిస్తలేడు అనరా?”

అదీ నీ భయం. లారీ భయం కాదు, పోలీసు భయం కాదు. పలకరించకుండా పోయాడని ఎవరైనా అనుకుంటారని భయం. స్టేజీ నుంచి ఇంటిదాకా ఆ రోడ్డంతా నీ ముచ్చట్లే. మామా, మడి ఆరిందా? అత్తా, మోకాలి నొప్పి ఎట్లుంది? పిల్లగా, పరీక్ష ఎట్ల రాసినవ్? బండి నడుస్తూనే ఉండేది, నీ తల మాత్రం ఇటోసారి అటోసారి తిరుగుతూ ఉండేది. నీ వెనక కూర్చున్నప్పుడు నాకూ గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు. మా ఆయనను తెలియని మనిషి లేడని.

ఆ రోడ్డు మీద లారీ రాదు. వేగం లేదు. నిన్ను తెలియని చెట్టు కూడా లేదు. మరి ఎందుకయ్యా ఇట్లా?

కల్వర్టు దాటాక మలుపు దగ్గర రెండుసార్లు హారన్ కొట్టేవాడివి, చిన్నగా. మన ఇల్లు ఊళ్లో మొదటిది కాబట్టి నాకు వినపడేది. పొయ్యి మీద చాయ్ పెట్టేదాన్ని. నువ్వు కాళ్లు కడుక్కుని వచ్చేసరికి మరిగేది.

ఆ రోజు సాయంత్రం మబ్బు పట్టి గాలి లేచింది. నేను దండెం మీది బట్టలు గుంజుతున్నాను. నువ్వు హారన్ కొట్టావా ఆ రోజు? గాలికి నాకు వినపడలేదా? కొట్టకముందే...

ఎన్నిసార్లు అనుకున్నానో. హారన్ విన్నట్టే అనిపిస్తుంది ఒక్కోసారి. విన్నానో, వినాలని అనుకుంటున్నానో.

జరిగింది నీకు తెలుసో లేదో. అంత తొందరగా అయిపోయిందన్నారు కదా, నీకు తెలిసి ఉండదు. యాదమ్మ అవ్వ లేదూ, మన వీధి చివర ఇల్లు, ఒంటరి ముసలిది... ఆమె వడ్లు ఆ మలుపు దగ్గర సగం రోడ్డు మీద ఆరబోసింది. బండ్లు ఎక్కకుండా వడ్ల చుట్టూ రాళ్లు వరుసగా పెట్టింది, అందరూ పెట్టినట్టే. మబ్బు పట్టేసరికి ఒక్కతే వడ్లన్నీ కుప్పకు తోసి, మీద పట్టా కప్పి, అది లేవకుండా నాలుగు రాళ్లు పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి కల్వర్టు దగ్గరికి పోయింది. రోడ్డు మధ్య మిగతా రాళ్లు అట్లాగే ఉన్నాయి. వడ్లుంటే దూరం నుంచి పచ్చగా కనపడతాయి. వడ్లు తీశాక మబ్బులో రోడ్డుదీ రాళ్లదీ ఒకటే రంగు. నీ ముందు చక్రం రాయెక్కింది.

పెద్ద దెబ్బే కాదన్నారు అందరూ. స్పీడు కూడా లేదన్నారు. తల రోడ్డుకు తగిలింది, అంతే. నల్లగొండ దవాఖానకు పోయేదాకా కూడా నువ్వు ఆగలేదు.

నీ హెల్మెట్ హ్యాండిలు నుంచి ఊడి, ఎగిరి, వడ్ల కుప్ప మీది పట్టా మీద పడిందట. తెచ్చి ఇచ్చారు. దాని మీద గీత కూడా లేదు.

దాన్ని తలుపు వెనక మేకుకు తగిలించాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి, అందులో ముఖం పెడతాను. నీ కొబ్బరినూనె వాసన, నీ చెమట వాసన ఇంకా ఉన్నాయి. తగ్గుతోంది. అందుకే రోజూ తీయను, ఒడిసిపోతుందని భయం.

ఏడాదంతా నన్ను కొరుక్కుతిన్నది ఒకటే. నీ చివరి మాట ఏది? నిన్ను ఎత్తినవాళ్లను అడిగాను. ఆటో అతన్ని అడిగాను. ఏం మాట్లాడలేదక్కా అన్నారు. నా పేరు అన్నాడా, బిడ్డ పేరు అన్నాడా అని అడిగితే తలలు దించుకున్నారు. పొద్దున నువ్వు నాతో అన్న ఆఖరి మాట నాకు గుర్తుంది. “వచ్చేటప్పుడు కొత్తిమీర తేవాల్నా?” అన్నావు. వద్దు, ఉంది అన్నాను. ఇన్నేళ్ల కాపురానికి నాకు మిగిలింది కొత్తిమీరేనా? అంతకంటే మంచి మాట ఇంకెవరికైనా చెప్పి పోయావా?

యాదమ్మ మీద కేసు పెట్టమన్నారు కొందరు. ఏమని పెట్టను? ఊళ్లో ఎవరి వడ్లు ఆ రోడ్డు మీద ఆరలేదు? కొనుగోలు కేంద్రం దగ్గర జాగా ఉండదు, తేమ ఉంటే వాళ్లు తూకం వేయరు, ఇంటి ముందు మంచం పట్టేంత చోటు. రోడ్డు మీద కాక ఎక్కడ ఆరబోస్తారు? అంతా తెలుసు. తెలిసినా ఆ ముసలిదాని ముఖం చూడలేకపోయాను.

ఆమె కూడా మన ఇంటి ముందు నుంచి నడవడం మానేసింది. కాలువ కట్ట మీద నుంచి చుట్టూ తిరిగి పోయేది. నేనేమో ఆ మలుపు చూడలేక స్టేజీకి అదే కట్ట మీద స్కూటీ తోలుకుంటూ పోయేదాన్ని. నేను మలుపు తప్పించుకోవాలని, ఆమె మన గడప తప్పించుకోవాలని, చివరికి ఇద్దరం రోజూ ఆ సన్నటి కట్ట మీద ఎదురుపడేవాళ్లం. ఆమె పక్కకు జరిగి తల దించుకునేది. నేను హెల్మెట్ లోంచి ముందుకే చూసేదాన్ని. నువ్వుంటే మా ఇద్దరినీ చూసి ఏమనేవాడివో.

హెల్మెట్ అంటే గుర్తొచ్చింది. నేను ఇంటి గడపలో పెట్టుకుంటే మళ్లీ బడి దగ్గరే తీస్తాను. ఊళ్లో కూడా తీయను. మొదట్లో అందరికీ వింతే. “ఏంది భాగ్యా, మొఖం గూడ సూపియ్యవా?” అని ఒకరు. బొట్టు లేని ముఖం దాచుకోవడానికి పెట్టుకుందని ఇంకొకామె అనిందట. అననీ. నేను చెయ్యెత్తి పలకరిస్తాను. చెయ్యెత్తితే పలకరింపు కాదా? ఈ ఉపాయం నీకెందుకు తోచలేదు? నాకైనా అప్పుడెందుకు తోచలేదు?

ఇక శిరీష. నల్లగొండలో డిగ్రీలో చేరింది. బస్సు పాస్ ఉంది కానీ స్టేజీదాకా నడవాలి. నేను తెల్లవారే పోతాను, దానికి తొమ్మిదింటికి బస్సు. ఎండలో నడిచి, బస్సు తప్పిపోయి, సాయంత్రం ముఖం నల్లగా చేసుకుని వస్తుంది. లైసెన్సు తీసుకుంది. పొద్దున్నే చిట్యాల మిల్లుకు పోయే ఆటోలో నువ్వు పో, స్కూటీ నాకియ్యి అని మొదలుపెట్టింది.

ఇయ్యనన్నాను. ఎందుకియ్యవంటుంది. ఇయ్యనంతే అన్నాను. అప్పుడు నీ బిడ్డ ఏమందో తెలుసా?

“హైవే మీద గాదు గదమ్మా. స్టేజీ దాకనే. మనూరి తొవ్వనే గద.”

అచ్చం నీ మాట. నీ లాగే తల పక్కకు వంచి మరీ అంది. నాకు ఒళ్లు మండింది. తాళంచెవి తీసుకుపోయి బియ్యం డబ్బాలో అడుగున దాచాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం గిన్నె గట్టిగా పెట్టడం, తలుపు గట్టిగా వేయడం... అవి మాత్రం నావే, నీ నుంచి రాలేదు.

దాన్ని తప్పుపట్టలేను. ఎంతకాలమని నడుస్తుంది? డిగ్రీ అయిపోతే ఇంకో పని, ఇంకో ఊరు. ఎక్కడికి పోయినా ఒక రోడ్డుంటుంది, నాలుగు నెలలకు ఆ రోడ్డూ తెలిసిన రోడ్డే అవుతుంది. ఎన్ని తాళంచెవులు బియ్యంలో దాచను? కానీ చేతికి ఇద్దామంటే ఆ మలుపు కళ్లముందుకు వచ్చేది. నేనే చూడలేని చోటికి పిల్లను రోజూ ఎట్లా పంపను?

పోయిన వారం ఒక సాయంత్రం కాలువ కట్ట మీద కోత మిషన్ దిగబడింది. దారి లేదు. వెనక్కి తిప్పి, ఏడాది తర్వాత మొదటిసారి ఆ మలుపు రోడ్డు పట్టాను. బండి నడుపుతున్నానా, అదే పోతోందా అన్నట్టుంది.

కల్వర్టు దాటాను. మబ్బు లేదు కానీ పొద్దు గుంకింది. సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఎవరో ఎత్తేసుకున్నారు. రాళ్లు ఎత్తలేదు. అదే వరుస. అదే చోటు. మెల్లగా పోతున్నాను కాబట్టి కనపడ్డాయి, లేకుంటే నేనూ...

బండి పక్కకు పెట్టాను. ఎవరి మీద కోపమో తెలియదు, ఒక్కో రాయి ఎత్తి పక్క గుంటలో పడేయడం మొదలుపెట్టాను. హెల్మెట్ కూడా తీయలేదు. కొన్ని ఎత్తాక చూస్తే, వరుసకు ఆ చివర ఇంకెవరో వంగి రాళ్లు ఎత్తుతున్నారు. నడుం పట్టుకుని, ఒక రాయి, ఆగి మళ్లీ ఒక రాయి. ఇటే వస్తోంది.

యాదమ్మ అవ్వ.

అవి ఆమె రాళ్లు కావు. ఈ ఏడు ఆమె తన వడ్లు రోడ్డెక్కించనే లేదు. ఇంటి ముందు మంచాలు లేపి, చేటంత చోట్లో కొన్ని కొన్ని ఆరబెట్టుకుంటోంది. కోతలు మొదలైన నాటి నుంచి పొద్దు గుంకే వేళకు వచ్చి, ఎవరి రాళ్లైనా సరే, రోడ్డు మీద మిగిలినవన్నీ ఎత్తి పోతోందట. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇద్దరం వరుస మధ్యలో ఎదురుపడ్డాం. ఈసారి పక్కకు జరగడానికి ఆమెకు కట్ట లేదు, ముందుకు చూడటానికి నాకు బండి లేదు. హెల్మెట్ తీశాను. చేతిలోని రాయి గుంటలో పడేసి, ఆమే అంది.

“బిడ్డా, ఏడాది సంది నీకు చెప్పాల్నని. ఏ మొఖం పెట్టుకొని వత్తు?”

ఏం చెప్పాలి అన్నాను.

“గా రోజు నేను కల్వర్టు కాడ కాళ్లు కడుక్కొని ఇంటికి పోతున్న. నీ పెనిమిటి నన్ను దాటి పోయిండు. పోయి, మల్ల ఎనుకకు తిరిగి సూసిండు. ‘అవ్వా, మబ్బు పట్టింది, పైలంగ పో’ అన్నడు. గంతే బిడ్డా. మల్ల ముందుకు సూసుడు గాలే.”

అదయ్యా, నీ చివరి మాట. ఏడాది పాటు నేను ఊరంతా వెతికిన మాట, రోజూ నాకు ఎదురుపడే మనిషి కొంగున ఉంది.

నాకు ముందు ఏడుపు రాలేదు. నీ మీద కోపం వచ్చింది. వెనక్కి ఎందుకు తిరిగావయ్యా? ముందుకు చూస్తూ చెబితే ఆమెకు వినపడదా? ఇల్లు అంత దగ్గర, చాయ్ గిన్నె పొయ్యి ఎక్కాల్సిన వేళ, ఆ ఒక్క నిమిషం ముందుకు చూస్తే ఏం పోయేది?

తర్వాత అక్కడే రోడ్డు పక్కన కూలబడ్డాను. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. నవ్వుకుంటూ అన్నాడా అని అడిగాను. నవ్వుకుంటనే అన్నడు బిడ్డా అంది. మళ్లీ చెప్పమన్నాను. పాపం, అడిగినన్నిసార్లూ చెప్పింది. నీ నవ్వుముఖం ఆఖరుగా చూసింది ఆమె. ఆమె కళ్లలోకి అట్లాగే చూస్తూ ఉండిపోయాను, ఎక్కడైనా నువ్వు మిగిలి ఉన్నావేమోనని. మసక కళ్లు, నీళ్లు తప్ప ఏమీ లేవు.

మిగిలిన రాళ్లు ఇద్దరం కలిసి ఎత్తాం. ఆమె మెల్లగా, నేను ఆమె కోసం మెల్లగా.

బండి మీద దింపుదామనుకున్నాను కానీ ఆమెకు హెల్మెట్ లేదు కదా. స్కూటీ నెట్టుకుంటూ ఆమెతో నడిచాను. మన గడప ముందు ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాను. చాయ్ పెట్టాను. చక్కెర ఎక్కువ వేసుకుంది, నీ లాగే. నీ ఫొటో వంక చూసి, “గిట్లెందుకున్నడు? గిట్లుండకపోవు” అంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

మరునాడు ఆ వడ్ల వాళ్ల దగ్గరికి పోయాను. పోట్లాడటానికే పోయాను. వాళ్ల ఇంటి ముందు కూడా మంచం పట్టేంత చోటే ఉంది. పోట్లాట నోట్లోనే ఆగింది. రాళ్ల బదులు సంచుల్లో తాలు నింపి పెట్టుకోండి, బండి ఎక్కినా సంచే పగులుతుంది అన్నాను. సరేనన్నారు. ఇంకో ఇద్దరు కూడా పెట్టారు. మిగతావాళ్లు ఇంకా రాళ్లే. అందుకని పొద్దు గుంకే వేళకు యాదమ్మ అవ్వా నేనూ ఓసారి పోయి వస్తున్నాం. కాసేపు నీ ముచ్చట్లు. నువ్వు ఆమె దగ్గర చిన్నప్పుడు దొంగిలించిన సీతాఫలాల సంగతి కూడా తెలిసింది. నాకు చెప్పలేదేం?

యాదమ్మ అవ్వ మన ఇంట్లో చాయ్ తాగిన ఆ రాత్రే బియ్యం డబ్బాలోంచి తాళంచెవి తీశాను. నీ హెల్మెట్ శిరీష తల మీద పెట్టి చూశాను. పెద్దదైంది, ఇటూ అటూ ఊగింది. వదులు హెల్మెట్ ఉన్నా లేనట్టేనని నువ్వే ఒకసారి బడిలో సారును ఆటపట్టించావు కదా. చిట్యాల పోయి దాని తలకు సరిపోయేది తెచ్చాను. నీది మళ్లీ మేకుకే తగిలించాను. నిజం చెప్పనా? అది దాని తలకు సరిపోనందుకు లోపల సంతోషించాను. ఆ వాసన ఇంకొన్నాళ్లు నాకే.

తాళంచెవి చేతిలో పెడుతూ ఒకటే చెప్పాను. గడపలో పెట్టుకో, బస్సెక్కేముందు తియ్యి. వచ్చేటప్పుడు స్టేజీలో పెట్టుకో, గడపలో తియ్యి. ఊరికి చెయ్యి చూపించు. ముఖం ఇంటికొచ్చి నాకు చూపించు.

నిన్న మొదటి రోజు. సాయంత్రం నేను ముందే వచ్చేశాను. పొయ్యి దగ్గర నిలబడ్డాను, కూర్చోలేకపోయాను. గాలి లేదు. కుక్క కూడా మొరగలేదు. ఊరంతా నా కోసమే గమ్మునున్నట్టు అనిపించింది.

మలుపు దగ్గర రెండుసార్లు హారన్ వినిపించింది, చిన్నగా.

నేను దానికి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదయ్యా. నువ్వున్నన్నాళ్లూ అదీ లోపల గదిలో కూర్చుని వింటూనే ఉందన్నమాట.

చాయ్ పెట్టాను. వీధి వైపే చూస్తూ సగం చక్కెర కింద పోశాను. శిరీష వీధిలోకి వచ్చింది. హెల్మెట్ అద్దం దించి ఉంది, ముఖం కనపడలేదు, ఒక చెయ్యి మాత్రం లేచి అరుగు మీది వాళ్లను పలకరించి దిగింది. గడపలో ఆగి, పట్టీ విప్పి, హెల్మెట్ తీసింది. చెమట ముఖం, నుదుటికి అంటుకున్న జుట్టు. “గిట్ల సూస్తవేందమ్మా?” అని నవ్వింది.

ఆ నవ్వు నీదే. లైసెన్సు ఫొటోలో లేనిది. దొరికిందయ్యా నాకు.

ఇక నేను చెప్పేది ఇంతే. ఈ ఇంట్లో ఎవరమూ మన ఊరి రోడ్డే కదా అనుకోము. ముందుకు చూస్తాం. మెల్లగా వస్తాం. యాదమ్మ అవ్వను చూసుకుంటాను. బస్సులోని నీ తువ్వాల ఉతకను.

నువ్వున్న చోట రోడ్లు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. మొదట్లో కొత్త కాబట్టి నువ్వు చూసుకునే నడిచి ఉంటావు. ఇప్పటికి ఏడాది. మలుపులన్నీ అలవాటై ఉంటాయి. పలకరించే మనుషులూ బాగానే పోగై ఉంటారు, నీ సంగతి నాకు తెలియదా. అందుకే చెబుతున్నాను...

పైలం.

నీ భాగ్య